ఏజెన్సీ శబ్దార్థ విచారము

పరభాషనుండి వచ్చిన శబ్దము మన భాషయందు నిలిచినప్పుడు దాని యర్థము లన్నియు దానివెంట రావు. వచ్చిన యర్థమును వచ్చినట్లే యుండదు. ఆంగ్లమునందలి ‘ఏజెన్సీ’ శబ్ద మిందులకు తగిన యుదాహరణము. పరుల సరకును అమ్మిపెట్టు వ్యాపారము ఏజెన్సీ. వంటగ్యాసు పంచు దుకాణము ఏజెన్సీ. పత్రికలకు వార్తల నందించు సంస్థయు ఏజెన్సీయే. కాని మహబూబాబాదు జిల్లా కొత్తగూడలో ‘ఇది ఏజెన్సీ’ యన్నచో అడవియు, కోయగూడెములును, ఆ భూమికి గల ప్రత్యేకశాసనమును స్ఫురించును.

ఈ శబ్దమునకు మూలము లాటినునందు నడపుట, చేయుట యను నర్థములు గల ‘ఆగెరె’ అను క్రియ. భాషాతత్త్వజ్ఞులు దీనిని మన ‘అజ’ ధాతువునకు సోదరమందురు. ధాతుపాఠము దానికి గతిని, క్షేపణమును అర్థములుగా చెప్పినది. కావున ఏజెంటనగా మొదట కర్త. పాణినిమతమున కర్త స్వతంత్రుడు. ఆంగ్లవ్యవహారమున నతడు ఒకరి ప్రేరణచే వారి పక్షమున పనిచేయువాడు, అనగా ప్రయోజ్యకర్త, అయ్యెను.

తెలుగున దీనికి దేశవాచకత్వము 1839 నాటి 24వ చట్టమువలన గలిగినది. గుంసూరు యుద్ధముల పిదప పుట్టిన యీ చట్టము గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రదేశములను సామాన్యశాసనములనుండి తప్పించి, మద్రాసు గవర్నరునకు ఏజెంట్లుగా కలెక్టర్లకు అప్పగించెను. వారి యధికారము ఏజెన్సీ. పిమ్మట అధికారవాచకమే లక్షణచే అధికృతదేశమునకు పేరయ్యెను. 1950 నాటి రాజ్యాంగము ‘షెడ్యూల్డు ప్రాంతము’ లని వ్యవహరించినను జనుల నోట పాతమాటయే మిగిలినది.

కొత్తగూడ నైజాము రాజ్యములోనిదగుటచే మద్రాసు ఏజెంటు పాలన నెరుగదు. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడిన పిదప, 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణమునకు వ్యాపించెను. వానియందు వివాదములను విచారించు నధికారికి ‘ఏజెంటు’ అనియే పేరు. 1970 నాటి సవరణచే అచ్చట గిరిజనేతరునకు భూమిని బదలాయించుట చెల్లదు. గిరిజనేతరుని చేతిలోని భూమి గిరిజనునినుండియే వచ్చినదని, విరుద్ధము ఋజువగువరకు, భావింపవలయును. ఒక గ్రామము ఏజెన్సీ యగునా కాదా యనుదానిపై క్రయపత్రముల చెల్లుబాటు నిలిచియున్నది.

శబ్దము కర్తృవాచకమూలము, అయినను ఆ నేలను దున్నుకొనువాడు దీని చరిత్రలో నెచ్చటను కర్తగా కానరాడు, పాలనకు కర్మగానే కానవచ్చును. అతని భూమికి రక్షణమైన యర్థమును నిఘంటుకర్తలు ‘అడవిప్రాంతము’ అని యొక్కమాటతో ముగింపక, చరిత్రతో వ్రాయవలయును.