నడుస్తున్న యంత్రంలో తప్పు వెదకడం

బాంకులో ఖాతాలు చూసే కంప్యూటరైనా, రైలు టిక్కెట్లు ఇచ్చే కంప్యూటరైనా, లోపల అన్ని పనులనూ నడిపే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దానిని ఆపరేటింగ్ సిస్టం అనీ, అందులోని కేంద్రభాగాన్ని కెర్నెల్ అనీ అంటారు. మామూలు ప్రోగ్రాములో తప్పు వస్తే సాధారణంగా అది ఒక్కటే ఆగుతుంది. కెర్నెల్‌లో వస్తే యంత్రమంతా స్తంభించిపోవచ్చును. ఇందులో మరొక చిక్కున్నది. ఆ తప్పును పట్టుకోవడానికి మనం కెర్నెల్‌లో చొప్పించే పరీక్షాదేశాలకు కూడా కెర్నెల్‌కున్న అధికారమంతా సంక్రమిస్తుంది. వాటిలోనే తప్పుంటే కంచే చేను మేసినట్లు గదా!

1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్‌లో చాలకాలం వాడిన పద్ధతి మోటైనది. అనుమానమున్నచోట ఒక వాక్యం అచ్చువేసే ఆదేశం చేర్చడం, కెర్నెల్‌ను మళ్ళీ తయారుచేయడం, యంత్రాన్ని ఆపి తిరిగి నడపడం. వారాల కొకసారి తలయెత్తే దోషం, యంత్రాన్ని ఆపగానే కనపడకుండా పోతుంది. అటువంటప్పుడు ఈ పద్ధతి వలన ప్రయోజనం తక్కువ.

దీనికి విరుగుడు కనిపెట్టిన పనిలో మన దేశంవారి చేయి ఉన్నది. లినక్స్‌లో కేప్రోబ్స్ అనే భాగం మొదటి పంక్తులు చదివితే, దానిని 2002 అక్టోబరులో ఐ.బి.ఎం. భారత శాఖకు చెందిన వంశీకృష్ణ ఎస్. రచించినట్లు కనపడుతుంది. రస్టీ రస్సెల్ సలహాలిచ్చాడు. 2004లో అదే శాఖవారైన ప్రసన్న ఎస్. పంచముఖి, సుపర్ణా భట్టాచార్య దానిని పెంచారు. ఆ అక్టోబరులో వెలువడిన లినక్స్ 2.6.9లో అది చేరింది.

మా చంద్రగిరి మీదుగా పోయే తిరుపతి–కాట్పాడి లైనులో, రైళ్ళు ఆపకుండా ఒక పట్టా తీసి మరొకటి వేయాలనుకోండి. కేప్రోబ్స్ చేసేది ఇంచుమించు అదే. పరీక్షించదలచిన ఆదేశానికి ముందుగా వేరొకచోట నకలు తీసుకుంటుంది. తరువాత అసలు ఆదేశం మొదటి బైటు స్థానంలో ఒక ఉచ్చును ఉంచుతుంది. ఇంటెల్ జాతి ప్రోసెసర్లలో ఈ ఉచ్చు విలువ 204. పొడవు ఒకే బైటు. ఒకే బైటు కావడంలోనే ఉన్నది కిటుకు. ఒక బైటును సగం మాత్రం వ్రాయడం జరగదు కనుక, పక్క ప్రోసెసరు ఆ సమయానికి అక్కడికి వచ్చినా పాతదో కొత్తదో చూస్తుంది కాని, రెండూ కలిసిన అవకతవకను చూడదు. ఉచ్చులో పడిన ప్రోసెసరు పరీక్షాదేశాలను నడిపి, తరువాత నకలును నకలున్న చోటనే నడిపి, మళ్ళీ దారిలో పడుతుంది. అసలు ఆదేశాన్ని క్షణంసేపు వెనక్కి పెట్టి నడపరాదా అంటే, ఆ క్షణంలో మరో ప్రోసెసరు ఉచ్చులో పడకుండా దాటిపోవచ్చును. అయితే నకలు కొత్తచోట నడిచినందువలన ఇబ్బందులూ ఉన్నవి. అది మరొక ఉపప్రోగ్రామును పిలిచే ఆదేశమైతే, తిరిగి రావలసిన చిరునామా తప్పుగా నమోదవుతుంది. దానిని కేప్రోబ్స్ సరిదిద్దవలసి వస్తుంది.

ఉచ్చును సంబాళించే ఆదేశాలలోనే మరో ఉచ్చు పెడితే? ఉచ్చులో ఉచ్చు, దానిలో మరొకటి, ఇట్లా అంతు ఉండదు. అందుకని అటువంటి స్థానాలకు నిషిద్ధపట్టిక ఉన్నది. ఒక పరీక్ష నడుస్తుండగా మరొకటి తగిలితే, రెండవదానిని నడపక, తప్పిపోయినట్లు లెక్క మాత్రం వ్రాసుకుంటుంది.

ఇంత జాగ్రత్తా ఉచ్చు వరకే. పరీక్షాదేశాలు వ్రాసినవాడు సి భాషలో ఏ జ్ఞాపకస్థానాన్నయినా పాడుచేయవచ్చును. సన్ కంపెనీలో కాంట్రిల్, షాపిరో, లెవెంథాల్ నిర్మించిన డీట్రేస్ ఈ లోటు తీర్చింది. 2005లో సొలారిస్ 10తో వెలువడిన ఆ సాధనపు భాషలో, పరీక్ష ఎన్నటికీ ముగియకుండా పోకూడదని, ఆవృత్తులకే తావివ్వలేదు. లినక్స్‌లో 2014లో వచ్చిన ఈబీపీఎఫ్ మరొక దారి పట్టింది. ప్రోగ్రామును నడపకముందే ఒక పరిశీలకుడు దాని దారులన్నీ నడిచి చూస్తాడు. అనుమానం కలిగితే చేర్చుకోడు. 2015 నుండి దీనిని కేప్రోబ్స్ ఉచ్చులకు తగిలించవచ్చును. మనిషి జాగ్రత్తకు బదులు యంత్రమే తనిఖీ చేయడం, నా దృష్టిలో, ఉచ్చును కనిపెట్టడంకన్న పెద్ద అడుగు.

దీనికి మూల్యం లేకపోలేదు. ఏ ప్రోగ్రామైనా ముగుస్తుందా లేదా అని తేల్చగల సర్వసాధారణ పద్ధతి ఉండదని 1936లోనే ట్యూరింగ్ నిరూపించాడు. కనుక పరిశీలకుడు అతిజాగ్రత్తపరుడు కాక తప్పదు. 2019 వరకు ఆవృత్తి కనపడితే చాలు, తిప్పి పంపేవాడు. ఆ తరువాత హద్దు తెలిసిన ఆవృత్తులను అనుమతిస్తున్నాడు. నిర్దోషమైన ప్రోగ్రాములను నేటికీ కొన్నిసార్లు కాదంటూనే ఉన్నాడు.