పూలకుండీ క్రింది పీత చుట్టము

వానకాలమున పెరటిలోని పూలకుండీని ప్రక్కకు జరిపినచో, దాని క్రింద బూడిదరంగు గల చిన్న ప్రాణులు గుంపుగా కనిపించును. వెలుతురు సోకగానే అవి నలుదిక్కులకు పరుగెత్తును. కొన్ని రకములు ఒడలు చుట్టుకొని మిరియపు గింజవలె గుండ్రముగా మారును. ఆంగ్లమున వీనికి వుడ్‌లౌస్ అని పేరు. పలువురు వీనిని పురుగులనియో, రోకలిబండ పిల్లలనియో తలతురు. ఇవి ఆ రెండును కావు. రొయ్యకు, పీతకు చుట్టములు. ఈ సంగతి తెలియుటకు మానవునకు చాల కాలము పట్టినది.

17, 18 శతాబ్దములలో ఐరోపా వైద్యులు వీనిని ఎండబెట్టి పొడిచేసి, కామెర్లకు, మూత్రవ్యాధులకు మందుగా ఇచ్చెడివారు. గుండ్రముగా చుట్టుకొనిన ప్రాణిని మాత్రవలె మ్రింగించుటయు కలదు. మాత్రపురుగు అను అర్థము గల ఆంగ్లనామము నేటికిని వాడుకలో నున్నది. దానిని మ్రింగినవారు పెక్కురు. దాని కాళ్ళను లెక్కించినవారు కొందరే.

1758లో లిన్నేయస్ దీనిని రెక్కలులేని కీటకములలో చేర్చెను. ఆనాడు సాలీడును, పీతయు ఆ గుంపులోనివే. 1801లో లామార్క్ పీత, రొయ్య మొదలగువానిని కీటకముల నుండి విడదీసి క్రస్టేషియా అను ప్రత్యేక వర్గముగా చూపెను. 1817లో లాత్రేయ్ వుడ్‌లౌస్ చేరిన గణమునకు ఐసోపోడా, అనగా సమపాదులు, అని పేరిడెను. కీటకమునకు కాళ్ళు మూడు జతలు. వుడ్‌లౌస్‌కు ఒకదానినొకటి పోలిన ఏడు జతలు. అప్పుడే పుట్టిన పిల్లకు ఆరు జతలే యుండి, కుబుసము విడిచిన పిమ్మట ఏడవది వచ్చును.

దాని పొట్ట అడుగుభాగమును చూచిన చుట్టరికము మరింత స్పష్టమగును. అచట రేకులవంటి అవయవములు ఐదు జతలు కలవు. నీటిలో నివసించు దాని బంధువులకు ఇవియే మొప్పలు. నేలపైకి వచ్చినను వుడ్‌లౌస్ ఈ రేకులతోనే శ్వాసించును. అవి తడిగా నుండవలెను. కొన్ని జాతులలో వీనియందు సన్నని గాలిగొట్టములు ఏర్పడి తెల్లని మచ్చలవలె కనిపించును. తల్లి తన గ్రుడ్లను రొమ్ము క్రింద ద్రవముతో నిండిన సంచిలో మోయును. కీటకముల చర్మముపై నీటిని ఆపు మైనపుపూత యుండును. దీనికి అట్టి గట్టి అడ్డు లేదు. కనుక పొడిగాలిలో త్వరగా ఎండి చచ్చును.

అట్లయిన తడి తావును ఇది ఎట్లు కనుగొనును? 1937లో గన్ అను ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు తేమ హెచ్చుతగ్గులు గల గాలిలో వీని నడకను పరిశీలించి ప్రకటించెను. పొడిగాలిలో ఇవి ఎక్కువసేపు నడచును. తేమగాలిలో ఎక్కువసేపు ఆగియుండును. గట్టిబాటపై వడిగా పోవు బండ్లు ఇసుకలో నెమ్మదించును. ఏ బండివాడును ఇసుకను కోరకున్నను, చూచువానికి బండ్లన్నియు ఇసుకలోనే గుమిగూడినట్లుండును. ఇదియు అట్టిదే. తడి ఎటువైపు నున్నదో తెలియకున్నను, తిరిగి తిరిగి తడిలో ఆగిన చాలును. దీనిని ఆర్థోకైనసిస్ అందురు.

ఈ ప్రయోగమును పాఠశాలలో చేయవచ్చును. వెడల్పయిన గాజుపాత్ర అడుగున ఒక సగమున తడిదూదిని, రెండవ సగమున కాల్షియం క్లోరైడును ఉంచి, వానికి తగులకుండ పైన వలగుడ్డ బిగించవలెను. దానిపై పది ప్రాణులను విడిచి మూతవేసి, ప్రతి నిమిషమునకు ఏ సగమున ఎన్ని నడచుచున్నవో, ఎన్ని ఆగినవో వ్రాసికొనవలెను. వెలుతురు ఇరువైపుల సమముగా నుండవలెను. లేనిచో ఫలితము వెలుతురు వలననో తేమ వలననో చెప్పలేము.

ఇవి కరువవు, కుట్టవు. రాలిన ఆకులను, క్రుళ్ళిన కలపను తిని నేలకు సారము చేర్చును. ఇంట కనిపించినచో ఆ మూల చెమ్మ యున్నదని తెలుపును. ప్రయోగము ముగిసినపిదప వీనిని తెచ్చినచోటనే విడిచి, కుండీని మరల యథాస్థానమున ఉంచుట మరువరాదు. మనకు అది కుండీ; వానికి అది సముద్రములో మిగిలిన చివరి ముక్క.