కొయ్య చక్రము - అద్దె ఇల్లు

వస్తువును కొనువాడు చూచి కొనవలెను. ఇంటిని అద్దెకు తీసికొనువాడు చూచి తీసికొనవలెను. తరువాత బయటపడిన లోపమునకు మరియొకరిని నిందించరాదు. ఆంగ్లదేశపు సామాన్య న్యాయము శతాబ్దముల తరబడి అనుసరించిన సూత్రమిది. దీనికి లాటిను భాషలో ‘కేవియట్ ఎంప్టర్’ అని పేరు. కొనువాడే జాగ్రత్తపడవలెనని దాని భావము. ఈ సూత్రము మొదట మోటారుకారు విషయమున సడలినది. ఆ సడలింపే కొన్ని దశాబ్దములకు అద్దె ఇంటి గడపను చేరినది. ఆ చరిత్ర మన నిత్యజీవితమునకు మిక్కిలి దగ్గరిది.

సూత్రము పుట్టిన కాలమున అది అంత అన్యాయమైనది కాదు. సంతలో ఎద్దును కొనువాడు దాని పళ్లు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. అమ్మువానికి తెలిసినది చాలవరకు కొనువానికిని తెలియును. కౌలుకు తీసికొనువాడు కోరునది నేల. దానిపైనున్న పాక కారినచో తానే గడ్డి కప్పుకొనగలడు. కనుక న్యాయశాస్త్రము కౌలును నేల అమ్మకము వంటిదిగా భావించినది. నేలను అప్పగించుటతో యజమాని పని తీరినది. కౌలు చెల్లించుట మాత్రము కౌలుదారునికి తప్పదు. 1647లో ‘పారడైన్, జేన్’ వ్యాజ్యమున ఈ కాఠిన్యము స్పష్టముగా కనిపించును. అంతర్యుద్ధములో రూపర్టు రాకుమారుని సైన్యము వచ్చి తనను భూమినుండి వెడలగొట్టినదని కౌలుదారుడు మొరపెట్టుకొన్నను, కౌలు చెల్లింపవలసినదేయని న్యాయస్థానము తీర్పు చెప్పినది.

పందొమ్మిదవ శతాబ్దమున యంత్రయుగము వచ్చినది గాని న్యాయము పాతబాటనే నడచినది. 1842లో తపాలా బండి తోలు ఒక చోదకుడు, ఆ బండి విరిగి, అవిటివాడయ్యెను. బండిని సరఫరా చేసి బాగుచేయించుచుండవలసిన గుత్తేదారునిపై అతడు దావా వేసినాడు. గుత్తేదారుని ఒప్పందము తపాలాశాఖతోనే గాని చోదకునితో కాదు గనుక, చోదకునికి అతనిని అడుగు హక్కు లేదని లార్డు అబింజరు మొదలగు న్యాయమూర్తులు నిర్ణయించిరి. కానిచో దారినపోవు ప్రతివాడును దావా వేయునని వారి భయము.

విచిత్రమేమనగా, ఆ మరుసటి సంవత్సరమే ఆ లార్డు అబింజరు పాల్గొన్న న్యాయపీఠము ముందునకు నల్లులు వచ్చినవి. బ్రైటన్ పట్టణములో ఒక కుటుంబము సామానుతో కూడిన ఇంటిని ఐదు వారములకు అద్దెకు తీసికొని, నల్లుల బాధ పడలేక ఖాళీ చేసిపోయినది. మిగిలిన అద్దెకై ఇంటి యజమాని దావా వేయగా, నివాసయోగ్యము కాని ఇంటికి అద్దె ఇయ్యనక్కరలేదని తీర్పు వచ్చినది. కాని అద్దెదారుల సంతోషము ఎంతో కాలము నిలువలేదు. అదే 1843లో మరియొక వ్యాజ్యమున ఆ రక్షణ సామానుతో కూడిన ఇంటికే గాని వట్టి ఇంటికి వర్తింపదని తేల్చిరి. అనగా మంచమునకు దొరకిన హామీ గోడకు దొరకలేదు!

ఈ చిక్కును విప్పుటకు మోటారుకారు రావలసివచ్చినది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున మెక్‌ఫర్సన్ అను రాళ్లు చెక్కు పనివాడు 1910లో ఒక వ్యాపారివద్ద బ్యూయిక్ కారును కొన్నాడు. మరుసటి యేట ఆ కారు చక్రమునకున్న కొయ్య ఆకులు పెళపెళ విరిగి, అతడు క్రిందపడి గాయపడెను. చక్రమును బ్యూయిక్ కంపెనీ స్వయముగా చేయలేదు, మరియొక కర్మాగారమునుండి తెప్పించినది. తగినట్లు పరీక్షించియుండినచో కొయ్యలోని పుచ్చు తెలిసియుండునని సాక్ష్యము. కంపెనీ మాత్రము పాత తపాలా బండి న్యాయమునే ఆశ్రయించినది: మేము అమ్మినది వ్యాపారికి, నీతో మాకు ఒప్పందమెక్కడిది?

1916లో న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో వ్రాసిన తీర్పు ఈ వాదమును త్రోసిపుచ్చినది. గంటకు 50 మైళ్లు పోవుటకై నిర్మించిన వాహనపు చక్రములు గట్టివి కానిచో ప్రాణాపాయము తప్పదు. ఆ కారులో ఎక్కువగా తిరుగనివాడెవడైన ఉన్నచో అతడు దానిని అమ్మకమునకు ఉంచుకొన్న వ్యాపారియే! అతనికొక్కనికే రక్షణ కల్పించి, కారు నడుపువానిని గాలికి వదలుట అర్థరహితమని ఆ తీర్పు సారాంశము. గుఱ్ఱపుబండ్ల కాలపు సూత్రములు నేటి ప్రయాణములకు సరిపడవని కూడ ఆయన అభిప్రాయము. ఎవరితో ఒప్పందము అను ప్రశ్న వెనుకబడి, లోపమును కనిపెట్టగలవాడెవడు అను ప్రశ్న ముందునకు వచ్చినది.

అయితే కంపెనీలు వేరొక త్రోవ వెదకినవి. కారుతో ఇచ్చు హామీ పత్రములోనే, చెడిన భాగమును మార్చి ఇచ్చుట తప్ప మాకు వేరు బాధ్యత లేదని చిన్న అచ్చులో వ్రాయసాగినవి. 1955లో న్యూజెర్సీ రాష్ట్రమున ఒకరు భార్యకు మాతృదినోత్సవ కానుకగా ప్లిమత్ కారు కొన్నారు. పట్టుమని 500 మైళ్లయినను తిరుగకముందే స్టీరింగు చేతిలో తిరిగిపోయి, ఆమె నడుపుచున్న కారు గోడను ఢీకొన్నది. హామీ గడువు 90 దినములు లేక 4,000 మైళ్లు. కాని ఆమె గాయములకు ఆ పత్రములో చోటు లేదు. ‘హెన్నింగ్సెన్’ వ్యాజ్యముగా ప్రసిద్ధమైన దీనిలో 1960లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ఆ షరతు చెల్లదని ప్రకటించినది. పెద్ద కంపెనీలన్నియు ఒకే హామీ పత్రమును ముందుంచినప్పుడు కొనువానికి బేరమాడు స్వేచ్ఛ ఎక్కడ? ఎక్కడికి పోయినను అదే కాగితము. అట్టి సంతకము సమ్మతి కాజాలదు. కాగితముపై పేరు లేని భార్యకును, వ్యాపారినుండియు కంపెనీనుండియు పరిహారము లభించినది.

ఇచ్చటినుండి కథ వాషింగ్టన్ నగరమునకు మరలుచున్నది. క్లిఫ్టన్ టెరస్ అను పెద్ద అద్దెయిండ్ల సముదాయములో 1966 ఏప్రిల్ మాసపు అద్దెను కొందరు చెల్లింపలేదు. యజమాని వారిని ఖాళీ చేయింపవలెనని న్యాయస్థానమునకు పోయెను. నగరపు గృహనిబంధనలకు విరుద్ధమైన లోపములు సుమారు 1,500 ఉన్నవని నిరూపించుటకు వారు సిద్ధపడగా, క్రింది న్యాయస్థానము ఆ సాక్ష్యమును విననే లేదు. అద్దె వేరు, మరమ్మతు వేరు అను పాత పాటయే కారణము.

1970లో ‘జావిన్స్’ వ్యాజ్యముగా ఇది పై న్యాయస్థానమునకు వచ్చినప్పుడు న్యాయమూర్తి స్కెల్లీ రైట్ ఆ తీర్పును కొట్టివేసినారు. నగరవాసి అద్దెకు తీసికొనునది నేల కాదు. గోడలు, పైకప్పు, నీరు, వెలుతురు, వెచ్చదనము, భద్రమైన తలుపులు. గోడలోపల గొట్టము పగిలినచో బాగుచేయుటకు అతనికి నేర్పును లేదు, అధికారమును లేదు. కారు కొన్నవానికి నాణ్యత విషయమున హామీ ఉన్నట్లే, అద్దెదారునికి నివాసయోగ్యతా హామీ ఉండవలెనని ఆయన వాదము. అందుకు వినియోగదారుల తీర్పులనే, హెన్నింగ్సెన్ తీర్పుతో సహా, ఆధారము చేసికొన్నారు. యజమాని తన బాధ్యత తప్పినంత మేరకు అద్దె తగ్గును. క్రమముగా అమెరికా రాష్ట్రములలో అత్యధికభాగము ఈ సూత్రమును అంగీకరించినవి.

కారు విషయమున 1982లో కనెక్టికట్ రాష్ట్రము మరియొక అడుగు వేసినది. ఎన్నిమార్లు బాగుచేసినను బాగుపడని క్రొత్తకారును మార్చి ఇయ్యవలెను, లేదా డబ్బు తిరిగి ఇయ్యవలెను. అమెరికనులు అట్టి కారును నిమ్మకాయ అందురు గనుక ఆ చట్టమునకును నిమ్మకాయ పేరే స్థిరపడినది.

మన దేశమునకు ఈ భావములు క్రొత్తవి కావు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టపు 108వ సెక్షను ప్రకారము, పైకి కనిపించని ముఖ్యలోపము తనకు తెలిసియున్నచో యజమాని ముందే చెప్పవలెను. తాను చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన పిమ్మటను, తగిన కాలములో అతడు చేయనిచో, అద్దెదారుడు చేయించుకొని ఖర్చును వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకొనవచ్చును. వేరు ఒప్పందము గాని స్థానికాచారము గాని ఉన్నచో అదియే చెల్లును. 1930 నాటి వస్తు విక్రయ చట్టము, అమ్మకపుదారుని నేర్పును నమ్మి కొన్నవానికి కొంత రక్షణ ఇచ్చినది. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము సామాన్యునికి ప్రత్యేక న్యాయవేదికలను కల్పించగా, దాని స్థానమున వచ్చిన 2019 చట్టము లోపభూయిష్టమైన వస్తువు వలన కలుగు హానికి తయారీదారుని బాధ్యతను ప్రత్యేకాధ్యాయములో నిర్దేశించినది.

అయినను చట్టము పుస్తకములో ఉండుట వేరు, ఇంటిలో పనిచేయుట వేరు. మెక్‌ఫర్సన్ విరిగిన చక్రమును చూపగలిగెను. వాషింగ్టన్ అద్దెదారులు లోపములను లెక్కించి పెట్టుకొనిరి. కారు రసీదును, హామీ పత్రమును, అద్దె చెల్లించిన చీటిని, మరమ్మతు కోరుచు వ్రాసిన జాబు నకలును భద్రపరచుకొను గృహస్థునికే చట్టము చేయూత నీయగలదు. కొనువాడు జాగ్రత్తపడవలెనను పాత మాటలో ఇంకను మిగిలియున్న సత్యము అంతమాత్రమే. తక్కిన జాగ్రత్త వస్తువును చేసినవానిది, ఇంటిని అద్దెకిచ్చినవానిది.