రైఫిలు స్కోపు: నడిమి వెలవాని యెంపిక

వేటతుపాకి గొట్టమునకు పైగా బిగింపబడి, దూరమున నున్న లక్ష్యమును దగ్గర చేసి, గురిగీతలను ఆ లక్ష్యముపైననే యంటించినట్లు చూపు చిన్న దూరదర్శినికి రైఫిలు స్కోపు అని వ్యవహారము. ఇనుపగురితో కాల్చువాడు కంటి చెంతనున్న గాడిని, గొట్టపు కొననున్న మొనను, అంతకావలనున్న మృగమును ఒక్కసారిగా స్పష్టముగా చూడగోరును. మూడు వేర్వేరు దూరములయందున్న వస్తువులపై ఏకకాలమున దృష్టి నిలుపుట మానవనేత్రమునకు అలవి గాని పని గనుక, ఏదో యొకటి మసకబారక తప్పదు. స్కోపు గురిని, మృగమును ఒకే తలమున నిలిపి యీ చిక్కును తీర్చును. దాని ప్రథమోపకార మిదియే. పెద్దదిగా చూపుట తరువాతిది. ఈ సంగతి నెరుగక యంకెల వెంటబడినవాడు ధనమును వృథా చేసికొనును.

భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని తరువాతి సవరణలును వేటను దాదాపుగా నిషేధించినవి కావున, ఈ విచారము ప్రధానముగా అమెరికా సంయుక్త రాష్ట్రములకు చెందినది. అచట శరత్కాలమున తెల్లతోక జింకల వేట చట్టసమ్మతమైన సంవత్సరోత్సవము వంటిది. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, టెక్సాస్ రాష్ట్రములలో సామాన్య గృహస్థులును, కార్మికులును తుపాకి భుజమున వైచుకొని యడవికి బోవుదురు. వారి కొనుగోలుశక్తికి తగిన స్కోపులే యిచట ప్రస్తుతము.

చిరకాలము ధనికుల సొత్తుగా నుండిన యీ సాధనమును 1930లో బిల్ వీవర్ అను యువకుడు 3-30 అను పేరుతో, బిగింపుతో సహా 19 డాలర్లకు అమ్మజూపి సామాన్యుల కందుబాటులోనికి దెచ్చెను. 1935లో జర్మనీ యందలి జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా గాజుపై సూక్ష్మమైన పూత నద్ది ప్రతిఫలనమును తగ్గించు విధానమును కనిపెట్టెను. పూతలేని గాజుతలము ఒక్కొక్కటియు తనపై బడిన కాంతిలో నూటికి నాలుగు పాళ్లను వెనుకకు మరలించును. స్కోపులో నట్టి తలములు పదియైనను ఉన్నచో, లోనికి వచ్చిన వెలుతురులో మూడవవంతు దారిలోనే నశించుట నిశ్చయము. ఇక మరియొక మెరుగు తేమనుండి రక్షణము. ఓరెగాన్ తడియడవులలో తన స్కోపులోపల ఆవిరిపట్టి జింక తప్పిపోగా, మార్కస్ ల్యూపోల్డు కోపించి అంతకంటె మంచిదానిని తానే చేయబూనెనని ఆ సంస్థవారే చెప్పుకొందురు. కథ యెంతవరకు నిజమో యేమో గాని, వారి మొదటి స్కోపు 1947లో వెలువడుటయు, లోపలి గాలిని తీసివైచి నత్రజనిని నింపి మూయుట తరువాత సర్వత్ర వ్యాపించుటయు నిజమే.

నేడు సుమారు 200 నుండి 500 డాలర్ల వరకు వెలగలవానిని నడిమి తరగతిగా నెంచవచ్చును. ల్యూపోల్డువారి వీఎక్స్-ఫ్రీడం, వోర్టెక్సువారి డైమండుబ్యాకు, బరిస్‌వారి ఫుల్‌ఫీల్డు ఈ తరగతిలో పేరెన్నిక గన్నవి. మూడింటియందును 3-9×40 అను కొలత లభించును. అనగా మూడింతలు మొదలు తొమ్మిదింతల వరకు పెద్దది చేయునదియు, ముందుగాజు 40 మిల్లీమీటర్ల వ్యాసము గలదియు నని యర్థము. పెట్టెమీది వివరములను చదివినచో కవలపిల్లలవలె తోచును: అన్నింటికిని పూతలు, అన్నింటికిని నత్రజని లేక ఆర్గాన్, అన్నింటికిని జీవితకాలపు హామీ. ఇట్లు సమానముగా కనబడు వానిలో నొకదానిని గ్రహించుటయే కష్టము.

మొదట వెలుతురు మాట. ముందుగాజు వ్యాసమును ఇంతలచే భాగించినచో, కంటిలోనికి వచ్చు కాంతివృత్తపు వ్యాసము లభించును. 40 మిల్లీమీటర్ల గాజును తొమ్మిదింతలపై నుంచిన 4.4 మిల్లీమీటర్లును, ఆరింతలపై నుంచిన 6.7 మిల్లీమీటర్లును వచ్చును. చీకటిలో యువకుని కంటిపాప యేడు మిల్లీమీటర్ల వరకు విచ్చుకొనును. వయస్సు మీరినకొలది అది యైదుకు దిగజారును. కావున మునిమాపువేళ చూపు సరిగా లేదని గొణగువాడు కొత్త స్కోపు కొనకముందు, ఉన్నదానినే యారింతలకు త్రిప్పి చూచినచో చిక్కు తీరవచ్చును. పెక్కు రాష్ట్రములలో సూర్యోదయమునకు అరగంట ముందునుండి సూర్యాస్తమయానంతరము అరగంట వరకు వేటకు అనుమతి గలదు. జింకలు పొదలు వీడి బయటికి వచ్చునదియు ఆ వేళలయందే. దుకాణపు దీపముల క్రింద ఏ స్కోపైనను స్ఫటికమువలె మెరయును గనుక అచటి పరీక్షకు విలువ లేదు. అంగడివాడు సమ్మతించినచో, పోల్చదలచిన రెండింటిని ప్రొద్దుగ్రుంకిన పిమ్మట వాకిటికి దెచ్చి, రెండింటిని ఒకే యింతలపై నిలిపి, కంటివైపు కట్టును త్రిప్పి గురిగీతలను స్పష్టము చేసికొని, వీథికావలి చెట్టుక్రింది నీడను చూడవలయును. కొంతసేపు కొమ్మలు రెండింటను లెక్కింపనగును. పిదప నొకదానిలో సన్నకొమ్మలు నీడలో కలిసిపోవును, రెండవదానిలో ఇంకను నిలుచును. ఆ వ్యత్యాసము ఐదు నిమిషములదో, పదినిమిషములదో యగును. ఈ వెలలో గాజుకు గాజుకు గల నిజమైన తేడా యింతే. అయినను ఆ నిమిషములే వేటగానికి ముఖ్యము.

వెలుతురు కొరకని 50 మిల్లీమీటర్ల గాజును కొనువారు కలరు. తొమ్మిదింతలపై కాంతివృత్తము 5.6 మిల్లీమీటర్లగుట నిజమే గాని, అంతలావు గాజు తుపాకి గొట్టమునకు తగులకుండ, స్కోపును బిగించి పట్టు రింగులను ఎత్తైనవి వేయవలసివచ్చును. అప్పుడు చెక్కిలి తుపాకి మడమపై కుదురుగా నానక, వేటగాడు మెడ నిక్కించి చూచును. లావైన 30 మిల్లీమీటర్ల నడిమి గొట్టము కాంతిని పెంచునను నమ్మకము వట్టి భ్రమ. అది గురి సవరించుటకు లోపల చోటును మాత్రమే పెంచును. అధికమైన యింతలపై మోజును అట్టిదే. మూడింతలపై నూరుగజముల దూరమున ముప్పదియడుగులకు మించిన వెడల్పు కనబడగా, తొమ్మిదింతలపై పదునైదడుగులు కూడ కనబడవు. దట్టమైన యడవిలో ముప్పది గజముల దూరమున జింక లేచినపుడు గొప్ప యింతలపై నున్నవానికి గోధుమవన్నె రోమములు తప్ప మరేమియు గోచరింపదు.

గాజుకంటె యంత్రభాగమే నమ్మకమునకు మూలము. పైనను, ప్రక్కనను ఉండు చక్రములను ఒక క్లిక్కు త్రిప్పినచో, సాధారణముగా నూరుగజముల దూరమున తూటా పడుచోటు పావంగుళము జరుగవలెను. జరుగునా లేదా యనునది పెట్టెపై వ్రాసిన మాటలచే తేలదు. బల్లపై తుపాకి నానించి నడిమికి మూడు తూటాలు కాల్చి, ఇరువది క్లిక్కులు పైకి, ఇరువది కుడికి, ఇరువది క్రిందికి, ఇరువది యెడమకు త్రిప్పుచు మూలమూలకు కాల్చినచో, కాగితముపై ఐదంగుళముల చతురస్ర మేర్పడి, తుదితూటా తొలిరంధ్రముల సరసకే రావలెను. వంకరపోయినదానిని, లేక చెప్పిన మాటను రెండుమూడు కాల్పుల తరువాతగాని విననిదానిని తిరిగి యిచ్చివేయుట మేలు. చక్రమును త్రిప్పిన పిమ్మట తూటా యడుగుభాగముతో మెల్లగా తట్టు పాత వేటగాండ్ర యలవాటు అట్టి మొండి స్కోపులనుండి పుట్టినదే.

కంటికిని స్కోపునకును నడుమ నుండవలసిన యెడము మరియొకటి. అది మూడున్నర నుండి నాలుగంగుళములు ఉన్నగాని గట్టిగా తన్ను తుపాకులకు పనికిరాదు. తక్కువైనచో, వాలుపై కూర్చుండి పైకి కాల్చునపుడు స్కోపు అంచు వచ్చి కనుబొమను అర్ధచంద్రాకారముగా చీల్చును. ఒకసారి యా గాటు పడినవాడు తరువాత ట్రిగ్గరు నొక్కునపుడెల్ల ఉలికిపడును.

గురిగీతలలో, అంచున లావై నడుమ సన్నబడు డ్యూప్లెక్సు పద్ధతిని ల్యూపోల్డువారు 1962లో ప్రవేశపెట్టిరి; సందెచీకటిలో దానిని మించినది లేదని నా యభిప్రాయము. క్రిందిగీతపై దూరములకు గుర్తులు పెట్టినవి ఆకర్షకములే గాని, ఈ వెలలోని వేట స్కోపులయందు గురిగీతలు సాధారణముగా వెనుకతలమున నుండి, ఇంతలు మార్చినపుడు దృశ్యముతో పాటు పెరుగవు గనుక, ఆ గుర్తులు ఒకే యింతలపై, తరచుగా తుదియింతలపై, మాత్రమే సత్యములు. 200 గజములకు గురి సరిచేసిన 30-06 రైఫిలు తూటా 300 గజముల చోట సుమారు ఎనిమిదంగుళములు దిగును. అంతమాత్రమునకు జింక వెన్నుపై గురిపెట్టుట నేర్చినవానికి గుర్తుల యవసరము లేదు.

హామీని గూర్చి యొక మాట. రసీదు లేకున్నను, చేతులు మారినను బాగుచేసి యిత్తుమను సంస్థలు కలవు, అది గొప్పసౌకర్యమే. కాని హామీ సంస్థ నిలిచినంతకాలమే. డెన్వరులోని రెడ్‌ఫీల్డు కర్మాగారము 1998లో మూతపడెను. ఈ తరగతిలో మిక్కిలి ఆదరణ పొందిన స్కోపులను చేసిన నికాన్ సంస్థ 2019 చివర ఆ వ్యాపారమునుండి తొలగినది.

రెండు వందల గజములలోపల చెట్లనడుమ వేటాడువానికి, చక్రములు మాట వినునదియు, కంటి యెడము చాలినదియు, సందెపరీక్షలో వెనుకబడనిదియు నగు 3-9×40 చాలును. అట్టివి రెండు సమానముగా తేలినచో తేలికైనదానిని గ్రహింపవలయును. మిగిలిన డబ్బును దృఢమైన రింగులకును తూటాలకును వెచ్చించి, వేటకాలము ఆరంభము కాకమునుపే గురి సరిచూచుకొనుడు.