అమ్మువాని చేతి కుంచము

పూర్వము వడ్లకు కుంచము, బంగారమునకు తులము, గుడ్డకు గజము కొలమానములు. సరకును బట్టి మానము ఏర్పడినది. బరువుగాని, పొడవుగాని లేని సరకును దేనితో కొలువవలెను? కంప్యూటరును నడిపించు సాఫ్ట్‌వేరు అట్టి సరకు. ఎన్ని ప్రతులు తీసినను దాని మూలము తరుగదు. దానికి వెలకట్టు మానము ఎట్లు మారుచు వచ్చెనో తెలిసికొనుట, సర్వరు కొనదలచిన ప్రతి కళాశాలకును, ఆసుపత్రికిని, కార్యాలయమునకును అవసరము.

తొలినాళ్లలో ఈ ప్రశ్నకు అంతగా తావు లేదు. అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ తన యంత్రములతోపాటు సాఫ్ట్‌వేరును వేరు వెల లేకుండనే అందించుచుండెను. 1969 జనవరిలో ఆ దేశ ప్రభుత్వము గుత్తాధిపత్య నిరోధక చట్టము క్రింద ఆ సంస్థపై వ్యాజ్యము వేసెను. అదే సంవత్సరము జూన్ 23వ తేదీన ఐ.బి.ఎం. తన సాఫ్ట్‌వేరులో కొంత భాగమునకు విడిగా వెల కట్టుదునని ప్రకటించెను. సాఫ్ట్‌వేరు ప్రత్యేకమైన సరకుగా స్థిరపడుటకు ఆ ప్రకటన గొప్ప మలుపు.

ఈ సరకును కొనువాడు పొందునది వస్తువు కాదు, వాడుకొనుటకు అనుమతి. దానినే లైసెన్సు అందురు. పలువురి పనిని ఒక్కటిగా మోయు సర్వరు విషయములో, అందలి ప్రాసెసర్ల సంఖ్యను బట్టి లైసెన్సులు అమ్ముట పరిపాటి అయ్యెను. ఇది సులభమైన లెక్క. యంత్రపు మూత తీసి చూచినచో ప్రాసెసర్లు కంటికి కనబడును. ఒక్కొక్క ప్రాసెసరులో గణనము చేయు భాగము ఒక్కటే ఉన్నంతకాలము ఈ మానమునకు చిక్కు రాలేదు.

ఆ గణన భాగమునకే కోర్ అని పేరు. 2001లో ఐ.బి.ఎం. తన పవర్4 ప్రాసెసరులో ఒకే చిప్పుపై 2 కోర్‌లను అమర్చెను. 2005లో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు అదే బాట పట్టెను. ఇప్పుడు దీనిని ఒకటిగా లెక్కింపవలెనా, రెండుగానా? కోర్‌లు ఎన్ని ఉన్నను ప్రాసెసరు ఒక్కటేయని మైక్రోసాఫ్ట్ 2004 అక్టోబరులోనే ప్రకటించెను. ఒరాకిల్ మాత్రము కోర్‌లనే లెక్కించెను. పిదప కొంత మెత్తబడి, తన పెద్ద తరగతి డేటాబేసు విషయములో ఇంటెల్, ఎ.ఎం.డి. కోర్‌లను ఒక్కొక్కదానిని సగముగా గణించెను.

కాలక్రమమున కోర్‌లు పెరిగెను. 2019 నాటికి ఎ.ఎం.డి. ఒక్క ప్రాసెసరులో 64 కోర్‌లు ఇమిడ్చెను. పలు సర్వర్ల పని ఒక్క సర్వరులోనికి చేరగా, ప్రాసెసరు లెక్కన అమ్మువానికి రాబడి తగ్గును. కనుక మైక్రోసాఫ్ట్ తన పూర్వపు మానమును విడిచి, 2012లో ఎస్.క్యు.ఎల్. సర్వరునకు, 2016లో విండోస్ సర్వరునకు కోర్ లెక్కను చేపట్టెను.

విండోస్ సర్వరు 2016 నియమమును గమనింతము. యంత్రములో ఉన్న కోర్‌లన్నింటికిని లైసెన్సు ఉండవలెను. పని లేక ఊరకున్న కోర్‌కును వెల చెల్లింపవలెను. ప్రాసెసరు ఒక్కంటికి 8, సర్వరు ఒక్కంటికి 16 కనీసపు లెక్క. నాలుగేసి కోర్‌ల ప్రాసెసర్లు రెండున్న చిన్న సర్వరులో ఉన్నవి 8 కోర్‌లే, చెల్లింపవలసినది 16కు. పదేసి ఉన్నచో 20. ముప్పదిరెండేసి ఉన్నచో 64. విండోస్ సర్వరు 2012 నియమము ప్రకారము ఈ మూడింటిలో దేనికైనను ఒక్క లైసెన్సే చాలెడిది.

వి.ఎం.వేర్ కథయు ఇట్టిదే. 2020 ఏప్రిల్ నుండి ఒక ప్రాసెసరు లైసెన్సు 32 కోర్‌లకే చెల్లునని హద్దు పెట్టెను. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ ఆ సంస్థను కొనిన పిదప, శాశ్వత లైసెన్సులు పోయి, కోర్ లెక్కన చందా వచ్చెను.

చిత్రమేమనగా, కొలమానము తుదకు యంత్రపు రూపమునే మార్చినది. లైసెన్సు భారము తగ్గింపదలచిన వారికొరకు, కోర్‌లు తక్కువగాను వేగము హెచ్చుగాను ఉన్న ప్రాసెసర్లను 2020లో ఎ.ఎం.డి. విపణిలోనికి తెచ్చెను.

బజారులోని తూనికలకు, కొలతలకు ప్రభుత్వ ముద్ర ఉండును. ఇచ్చట కుంచమును చేయువాడు సరకు అమ్మువాడే. దానిని మార్చువాడును అతడే. కావున సర్వరు కొనువారు యంత్రపు వెలకంటె ముందు కోర్‌ల సంఖ్యను, లైసెన్సు ఒడంబడికను చదువుట మేలు. యంత్రము ఒకసారి కొందుము. లెక్క మాత్రము అది ఉన్నంతకాలము వెంట వచ్చును.