గృహస్థులు నిలిపిన బౌద్ధసాధన



బౌద్ధమన్నంతనే మనకు కాషాయము, భిక్షాపాత్రము, అరణ్యము తోచును. గృహస్థునకు అది పనికిరాదని పలువురి తలంపు. అమరావతి శాసనములు అట్లు చెప్పవు. విధికుడను చర్మకారుడు తనవారితో కూడి స్తూపమునకు చేసిన దానము అందు చెక్కబడి యున్నది. ఆ శిలలు నిలిచినవి కాని, సాధన మన యిండ్లనుండి తొలగిపోయినది. అది గృహస్థుల చేతిమీదుగానే మరలివచ్చిన వృత్తాంతమును నేడు మనవి చేయుదును.

మన తీరప్రాంతములవారు కూలికై పోయి ‘రంగము’ అని పిలిచిన రంగూనునకు ఏటి ఆవల ప్యాబ్వేజీ అను పల్లె కలదు. 1873లో జన్మించిన పో తెట్ అచటి కాపు. చిన్నతనమున ఎడ్లబండి తోలెను. పిదప బియ్యపు మరలో లెక్కలు చూచెను. 1903లో వాంతిభేది వచ్చి అతని కొడుకును కూతురును తీసికొనిపోయెను. దుఃఖశాంతికై అతడు ఇల్లు వెడలి, లేడీ సయాడో అను భిక్షువునొద్ద విపశ్యన నేర్చెను. మరల పల్లె చేరి, కాషాయము ధరింపకయే 1914 నుండి ఇతరులకు నేర్పెను.

ఆ సాధనకు పంచశీలము పునాది. పిదప ముక్కుపుటముల కడ శ్వాసను గమనింపవలెను. మనస్సు కుదిరిన పిమ్మట దేహమున కలుగు సుఖదుఃఖములను, కోరకయు ద్వేషింపకయు, వచ్చి పోవువానిగా చూడవలెను.

1937లో ఊ బా ఖిన్ అను లెక్కల యుద్యోగి ఆ కాపునకు శిష్యుడయ్యెను. 1948లో బర్మా స్వతంత్రము కాగా ఆయన అకౌంటెంట్ జనరల్ పదవి నందెను. 1950లో తన కచేరీలోనే విపశ్యనా సంఘము నెలకొల్పెను. బర్మాలో పుట్టిన భారతీయ వర్తకుడు సత్యనారాయణ గోయెంకా 1955లో తలనొప్పి మాన్పుకొనుటకై ఆయనను వేడెను. ఈ విద్య తలనొప్పి మందు కాదని గురువు మొదట అంగీకరింపలేదు. చిత్తశుద్ధియే కోరి మరల వచ్చిన పిమ్మట చేర్చుకొనెను. ఆ గోయెంకాయే 1969లో భారతదేశమునకు ఈ సాధనను తెచ్చెను; 1976లో హైదరాబాదునందు కేంద్రము వెలసెను.

ఈ చరిత్రలో నన్ను ఆకర్షించినది ఒక్కటి. ధ్యానము పో తెట్‌కు బిడ్డలను తిరిగి యీయలేదు. ఆ దుఃఖమును మోయుచునే సేద్యపు కుటుంబములో బ్రదుకుటకు, పరులకు సాయపడుటకు బలమిచ్చినది. బిడ్డలను పోగొట్టుకొన్న యిండ్లు ఏ యూర లేవు? అట్టివారికి ఈ కాపు కథ చెప్పుడని మిమ్ము కోరుచున్నాను.