అరుగు మీద నిద్ర, ఆప్‌లో బుకింగ్: మా కాళహస్తి ఇంటి కథ

నాన్న పోయాక అమ్మని బెంగుళూరు తెచ్చేసుకున్నాం. శ్రీకాళహస్తిలో ఇల్లు తాళం వేసి ఉంది. గుడికి నడిచిపోయేంత దూరం, మూడు గదులు, పెరట్లో బావి, వీధి వైపు అరుగు. నెలకోసారి ఎవరో ఒకరం పోయి బూజు దులిపి రావడం. మా టీమ్‌లో ఒకతను అన్నాడు, "ఖాళీగా ఎందుకు గురూ, యాత్రికులకి రోజువారీ అద్దెకి పెట్టు, ఆప్‌లో లిస్ట్ చేస్తే అదే నడుస్తుంది" అని. మనకి ఇలాంటి ఐడియా చెవిన పడితే చాలు కదా, ఆ రాత్రికే ఎక్సెల్ షీట్ తయారు :)

ఫోటోలు తీశాను. గీజర్, పరుపులు, ఇన్వర్టర్ పెట్టించాను. లిస్టింగ్ పెట్టిన నాలుగో రోజు మొదటి రిక్వెస్ట్ వచ్చింది. సంబరంగా అమ్మకి చూపిస్తే ఆమె అడిగిన మొదటి మాట: "ఎవురంట వాళ్ళు?"

నేను "విజయవాడ నుంచి, నలుగురు" అన్నాను. ఆమె అడిగింది అది కాదని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. "పేరు చూసినావా నాయనా? ఇంటిపేరు ఏముండాది?"

నేను సమాధానం చెప్పకుండా లాప్‌టాప్ మూసేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అసలు మన ఊళ్ళలో పరాయివాడికి చోటు ఇవ్వడం అనేది ఎలా నడిచింది, తలుపు ఎవరికి తీశారు, ఎవరికి వేశారు అని చదవడం మొదలుపెట్టాను. ఇది ఆ చదువు, మా ఇంటి గొడవ కలిపి.

కాళహస్తి బతుకే యాత్రికుల మీద. చోళుల కాలం నుంచీ గుడికి కట్టడాలు చేరుతూ వచ్చాయి. 1516లో కృష్ణదేవరాయలు పెద్ద గాలిగోపురం, నూరుకాళ్ళ మండపం కట్టించాడు. ఆయన తర్వాత గద్దెనెక్కిన అచ్యుతరాయలు 1529లో ఇక్కడే పట్టాభిషేకం చేసుకున్నాడు. రాజులు వచ్చారంటే పరివారం వస్తుంది, ఉత్సవం అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ వస్తాయి. వాళ్ళందరూ ఎక్కడో పడుకోవాలి. మండపాల్లో కొందరు, సత్రాల్లో కొందరు, మిగతావాళ్ళు మాలాంటి ఇళ్ళ అరుగుల మీద.

మా అవ్వ చెప్పేది: శివరాత్రికి అరుగు మీద కాలు పెట్టే సందు ఉండేది కాదంట. ఎవరినీ డబ్బులు అడిగేది లేదు. తెల్లవారి స్వర్ణముఖిలో స్నానానికి పోతూ వాళ్ళే అరుగు ఊడ్చి పోయేవాళ్ళంట. విని "ఎంత గొప్ప రోజులో" అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. పెద్దయ్యాక ఇంకో సంగతి గమనించాను. అరుగు వీధి వైపు ఉంటుంది, గడప లోపలికి ఉంటుంది. అరుగు మీద ఎవరైనా పడుకోవచ్చు అంటే గడప దాటి అందరూ రానక్కర్లేదు అని కూడా అర్థం. ఆ అరుగైనా నిజంగా "ఎవరికైనా" కాదు. కొందరు ఆ వీధిలోకే రాలేని రోజులవి.

సత్రాల కథ కూడా అంతే. రాజులో, జమీందార్లో, షావుకార్లో భూమి రాసిచ్చి, దాని పంటతో దారిన పోయేవాళ్ళకి చోటు, కొన్నిచోట్ల అన్నం పెట్టించేవాళ్ళు. ఆ ఆస్తులు పక్కదారి పడుతున్నాయని 1817లో మద్రాసు ప్రభుత్వం ఒక రెగ్యులేషన్ తెచ్చింది. గుళ్ళు, మసీదులతోపాటు సత్రాలు, వంతెనల కోసం ఇచ్చిన ఈనాముల మీద అజమాయిషీ బోర్డ్ ఆఫ్ రెవెన్యూకి అప్పగించింది. అంటే ఇప్పుడు మనం "ప్రాపర్టీ మేనేజ్‌మెంట్" అంటున్న తలనొప్పి రెండొందల ఏళ్ళ కిందటే ఉంది. కట్టించినవాడు ఒక చోట, చూసుకునేవాడు ఇంకో చోట, మధ్యలో పైసలు మాయం. కాలక్రమేణా చాలా సత్రాలు స్థానిక బోర్డుల చేతికి వచ్చాయి.

మరి మార్కెటింగ్? 1830 మే 18న ఏనుగుల వీరాస్వామి చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరాడు. సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగం, పల్లకీ, పెద్ద పరివారం. దారిలో ప్రతి మజిలీకీ ఎంత దూరం, నీళ్ళు మంచివా, అంగళ్ళున్నాయా, దిగడానికి వసతి ఉందా అని రాసుకుంటూ పోయాడు. 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు, 1838లో ఆయన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళై ఆ రాతల్ని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించాడు. మనం దాన్ని తెలుగులో తొలి యాత్రా రచనల్లో ఒకటి అంటాం. నాకు మటుకు అందులో ఒక రివ్యూల సైట్ కనిపిస్తుంది. స్టార్లు లేవు, అంతే తేడా. ఆ తర్వాత బయల్దేరినవాడికి ఆ పుస్తకం చాలా ప్రశ్నలకి జవాబు.

19వ శతాబ్దం చివరికి గూడూరు - రేణిగుంట మీటర్ గేజి రైలు వచ్చింది. రైలుతో యాత్ర మారిపోయింది. వారాలు పట్టే ప్రయాణం ఒక్క రోజుకి వచ్చింది. వచ్చినవాడి ఊరేదో, కులమేదో తెలుసుకునే తీరిక తగ్గింది. అలాగని అడగడం మానలేదు. ఎన్నో పుణ్యక్షేత్రాల్లో కులానికొక సత్రం లేచింది. శ్రీశైలం పోయినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, అక్కడ బోర్డులు చదువుకుంటూ నడిస్తే మన సమాజం పటం మొత్తం కనిపిస్తుంది. వీటిని ఊరికే తిట్టలేను. తెలియని ఊళ్ళో ముసలివాళ్ళకి నమ్మకమైన చోటు, వేళకి అన్నం అవి ఇచ్చాయి, ఇప్పటికీ ఇస్తున్నాయి. కానీ ఏ సత్రమూ లేనివాడు ఎక్కడ పడుకున్నాడు అనేది ఏ శాసనంలోనూ ఉండదు.

1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం (1976లో దాని పేరు పౌరహక్కుల రక్షణ చట్టం అయింది) చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. అందరికీ తెరిచిన ధర్మశాల, సరాయి, ముసాఫర్‌ఖానాల్లోకి అంటరానితనం పేరుతో రానివ్వకపోతే నేరం అని విడిగా రాశారు. అక్కడి పాత్రలు వాడుకోనివ్వకపోయినా నేరమే. చట్టంలో పేరు పెట్టి మరీ రాయాల్సి వచ్చిందంటే అది ఎంత మామూలుగా జరిగేదో చూడండి.

ఇప్పుడు కొత్త కథకి వద్దాం. అమెరికాలో 1995లో ఒకాయన కొండప్రాంతంలో ఉన్న తన ఇంటిని అద్దెకివ్వడానికి పెట్టిన సైటు వీఆర్‌బీఓ. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు కుర్రాళ్ళు అద్దె కట్టలేక, ఒక కాన్ఫరెన్స్‌కి హోటళ్ళు నిండిపోతే, తమ ఫ్లాట్‌లో గాలిపరుపులు వేసి ముగ్గురికి చోటిచ్చారు. ఎయిర్‌బీఎన్‌బీ అక్కడ మొదలైంది. చదివినప్పుడు నవ్వొచ్చింది. మా అవ్వ అరుగే కదా అది, కాకపోతే దానికి రేటు ఉంది :)

రేటుతోపాటు పాత జబ్బు కూడా వచ్చింది. 2015లో హార్వర్డ్ పరిశోధకులు ఐదు అమెరికన్ నగరాల్లో సుమారు 6,400 ఇళ్ళవాళ్ళకి రిక్వెస్టులు పంపారు. ప్రొఫైల్ అంతా ఒకటే, పేరు మాత్రమే వేరు. నల్లజాతివాళ్ళకి ఎక్కువగా ఉండే పేర్లతో పంపినవాటికి 'సరే' అన్న జవాబు 16 శాతం తక్కువ వచ్చింది. గొడవ పెద్దదయ్యాక కంపెనీ 2016లో వివక్ష చూపనని ప్రతి ఓనరూ ఒప్పుకోవాలంది. 2018లో బుకింగ్ ఖాయమయ్యేదాకా గెస్ట్ ఫోటో చూపించడం ఆపింది. 2022లో ఆరెగాన్ రాష్ట్రం వాళ్ళ విషయంలో పేరు కూడా చూపకుండా పొడి అక్షరాలే చూపించడం మొదలుపెట్టింది.

అది చదివి కాసేపు ఊరుకున్నాను. మా అమ్మ అడిగింది కూడా పేరే కదా. అక్కడ మొదటి పేరు, ఇక్కడ ఇంటిపేరు.

ఇక మేనేజ్‌మెంట్ సంగతి. కాళహస్తి విషయంలో ఒక చిక్కుంది. ఈ గుడి చూశాక ఇంకే గుడికీ పోకుండా నేరుగా ఇంటికి పోవాలని మనవాళ్ళ నమ్మకం. తిరుపతి నలభై కిలోమీటర్లలోపే. కాబట్టి ఎక్కువమంది తిరుపతిలో దిగి, పొద్దున్నే వచ్చి, రాహుకేతు పూజ చేయించుకుని, అటునుంచి అటే పోతారు. రాత్రికి పడకలు కావలసినవాళ్ళు తక్కువ. నా ఎక్సెల్ షీట్ మొదటి నెలలోనే అబద్ధమైపోయింది.

నేను నేర్చుకున్నది ఏంటంటే, ఇక్కడ అమ్మాల్సింది రాత్రి కాదు, రాహుకాలం. సోమవారం రాహుకాలం ఏడున్నరకే మొదలు, ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి. సోమవారం పూజకి వచ్చేవాడికి ముందురోజు రాత్రి గది కావాలి. ఆదివారం వచ్చేవాడికి పగలు నాలుగు గంటలు నడుం వాల్చి స్నానం చేసే చోటు చాలు. హోటల్ లెక్కన మధ్యాహ్నం పన్నెండుకి చెకిన్ అంటే ఇద్దరికీ పనికిరాదు. గ్రహణం రోజు వేరే గుళ్ళు మూస్తారు, ఇది తెరిచే ఉంటుంది, జనం విరగబడతారు. శివరాత్రి బ్రహ్మోత్సవాలు, కనుమనాటి గిరిప్రదక్షిణ సరేసరి. పంచాంగం దగ్గర పెట్టుకోకుండా క్యాలెండర్ తెరిచే ఓనరు ఈ ఊళ్ళో మునిగిపోతాడు. విదేశీయుడు దిగితే 24 గంటల్లోగా వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. తెల్లవారి నాలుగింటికి మోటరు పనిచెయ్యకపోతే ఫోన్ ఎత్తేవాడు ఊళ్ళో ఉండాలి. బెంగుళూరులో కూర్చుని ఇల్లు నడపలేం. మా ఎదురింటి అక్కకి తాళం, ఆదాయంలో వాటా ఇచ్చాకే ఇది ఒక దారికి వచ్చింది.

ఇంత సర్దుకున్నా అమ్మ ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఒకరోజు నేనే కదిపాను. "అమ్మా, బ్రహ్మోత్సవాల్లో మొదటి జెండా ఎవరికి కడతారు?"

"కన్నప్పకి. కొండమీద. అది తెలీదా నీకు?"

"ఆయన ఎవరు?"

అమ్మకి అర్థమైపోయింది. బోయవాడు. మాంసం నైవేద్యం పెట్టి, నోటితో నీళ్ళు తెచ్చి అభిషేకం చేసినవాడు. ఊరి పేరులో ఉన్నదే సాలీడు, పాము, ఏనుగు. ఈ ఊళ్ళో దేవుడికంటే ముందు కన్నప్పకి జెండా ఎత్తుతారు. అదే కన్నప్ప నిన్న రాత్రి మన ఆప్‌లో రిక్వెస్ట్ పెట్టి ఉంటే?

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అట్లని ఎవురు పడితే వాళ్ళు నా వంటింట్లో మాంసం వండితే నాకు బాగుంటాదా?" అంది. అది న్యాయమైన మాటే. అక్కడ నాకు ఒక గీత దొరికింది. ఇంట్లో ఏం చెయ్యకూడదో ఓనరు చెప్పొచ్చు: వంటింట్లో మాంసం వద్దు, మందు వద్దు, పదింటి తర్వాత గోల వద్దు. ఆ రూలు అందరికీ ఒకటే. ఎవరు రాకూడదో చెప్పే హక్కు మాత్రం, అద్దెకి తలుపు తెరిచాక, మనకి లేదు. చట్టం సంగతి అటుంచి, మనసుకి కూడా లేదనిపించింది.

మా ప్రోగ్రామర్ల పద్ధతిలో ఒక పని చేశాను. అడిగి ఒప్పుకునే సెట్టింగ్ తీసేసి, ఎవరు ముందు బుక్ చేస్తే వాళ్ళకే అన్నట్టు పెట్టేశాను. పేరు చూసి ఆలోచించే అవకాశమే లేకుండా. అమ్మకోసం అని చెప్పుకున్నాను కానీ నిజానికి నాకోసం కూడా. ఎందుకంటే ఆ మొదటి రిక్వెస్ట్ వచ్చిన రాత్రి, లాప్‌టాప్ మూసేముందు, ఆ ఇంటిపేరు నేనూ చదివాను. చదివి ఒక అంచనా కూడా వేశాను. ఆ విజయవాడ కుటుంబానికి జవాబివ్వకుండా మూడు రోజులు నానబెట్టాను. వాళ్ళు వేరే చోట చూసుకున్నారు. అమ్మ మీద ఇంత రాసినవాణ్ణి, ఇది రాయకపోతే తప్పు.

2010 మే 26 రాత్రి కృష్ణదేవరాయల గోపురం కూలిపోయింది. పగుళ్ళు చూసి ముందే జనాన్ని ఖాళీ చేయించబట్టి ప్రాణాలు దక్కాయి. 2017లో అదే చోట కొత్త గోపురానికి కుంభాభిషేకం చేశారు. ఐదొందల ఏళ్ళు నిలబడినది కూడా పడిపోతుందని ఆ రోజు మా ఊరు కళ్ళారా చూసింది. కొన్ని పడిపోతే మళ్ళీ కట్టుకోవాలి. కొన్ని పడిపోతే అలా వదిలేయాలి.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు అమ్మ కూడా వచ్చింది. ఎవరో దంపతులు, చిన్న బిడ్డతో దిగి ఉన్నారు. అమ్మ వాళ్ళ పేరు అడగలేదు. "బిడ్డకి పాలు కావాల్నా తల్లీ?" అని అడిగింది. ఆమె పాలు కాచి ఇచ్చేలోపు ఆ బిడ్డ గడప దాటి లోపలికి పాక్కుంటూ పోయింది. ఎవరూ ఆపలేదు.